ఎకోవిలేజ్ అతిథి కార్యక్రమం: సభ్యులుగా చేరదలచిన వారి కోణంలో ఒక సమీక్ష

ఉమ్మడి జీవనాన్ని కోరుకునే వారు ఒక ఎకోవిలేజ్ (ప్రకృతికి తక్కువ భారంగా కలిసి బతికే ఊరు) గడప మొదటిసారి తొక్కేది దాదాపు ఎప్పుడూ అతిథి కార్యక్రమం ద్వారానే. పదుల మందితో వంటగదినీ భూమినీ నిర్ణయాలనూ పంచుకుని బతకడం ఎలా ఉంటుందో అక్కడ కొంతకాలం ఉంటే తప్ప తెలియదు కనుక, ఈ సమాజాలలో చాలావాటికి అది తప్పనిసరి ఏర్పాటు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో 1967లో మొదలైన ట్విన్ ఓక్స్‌లో సభ్యత్వం కోరేవారు ముందుగా మూడు వారాలు అతిథిగా ఉండి అందరితో కలిసి పని చేయాలి. ఆ తరువాతే సభ్యులు వారి దరఖాస్తును పరిశీలిస్తారు. స్కాట్లాండ్‌లోని ఒక కారవాన్ పార్కులో 1962లో ముగ్గురు పెద్దలు, వారిలో ఇద్దరి పిల్లలతో మొదలైన ఫిండ్‌హార్న్ కొన్ని దశాబ్దాల పాటు వారం రోజుల పరిచయ కార్యక్రమాన్ని నడిపింది. ఎన్నో దేశాల వారు ఆ సమాజాన్ని ఎరిగింది ఆ వారం ద్వారానే.

నేను ఈ మధ్య పాల్గొన్నది అలాంటి కార్యక్రమంలోనే. దాన్ని నిర్వహించిన సమాజం చిన్నది. పిల్లలతో కలిపి కొన్ని పదుల మంది మాత్రమే అక్కడ ఉంటారు. అంత చిన్న చోట ఒకరి బాధ్యతను ప్రస్తావించినా ఆ మనిషి ఎవరో తెలిసిపోతుంది కనుక సమాజం పేరు రాయడం లేదు. అయితే ఇక్కడ చెప్పే మంచిచెడులు ఇలాంటి ఏ కార్యక్రమానికి దరఖాస్తు చేసేవారికైనా అక్కరకు వస్తాయని నమ్ముతున్నాను. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. చేతిపనులు నేర్పడంలో, వచ్చినవారిని ఆదరించడంలో ఈ కార్యక్రమం ఎంతో బాగుంది. డబ్బు, ఆస్తి, విభేదాలు, విడిపోవడం అనే విషయాలను అతిథి ముందు విప్పి చెప్పడంలో మాత్రం వెనకబడి ఉంది. ఉమ్మడి జీవనం నిలబడినా కూలినా ఎక్కువగా ఆ విషయాల దగ్గరే కనుక ఈ లోటును చిన్నదిగా తీసుకోలేము.

దరఖాస్తు పత్రం చక్కగా తయారు చేశారు. ఎందుకు రావాలనుకుంటున్నారు, ఎలాంటి శారీరక శ్రమ చేయగలరు, మందులు ఏమైనా వాడుతున్నారా వంటి మామూలు ప్రశ్నలతో పాటు, ఇంట్లోనో పనిచేసే చోటనో ఎవరితోనైనా మాట తేడా వచ్చినప్పుడు మీరు సాధారణంగా ఏం చేస్తారు అన్న ప్రశ్న కూడా అందులో ఉంది. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాయడానికి నాకు మిగతా పత్రమంతటికీ పట్టినంత సమయం పట్టింది. అంగీకార లేఖతో పాటు పంపిన సూచనలు కూడా స్పష్టంగా ఉన్నాయి: ఫోన్ సిగ్నల్ ఎక్కడ అందుతుంది, ఏ సబ్బులు వాడకూడదు, మురుగునీరు రెల్లు పెంచిన మడుగుల గుండా వడకట్టుకుని తిరిగి నేలలోకే వెళుతుంది కనుక రసాయనాలు ఎందుకు పనికిరావు అన్నది అందులో వివరంగా రాశారు. కారణం చెప్పి నియమం పెట్టడం ఈ సమాజం అలవాటు. బస ముగిసేదాకా ఆ అలవాటు తప్పలేదు.

అతిథులకు ఇచ్చిన బస గడ్డిమోపులతో కట్టిన ఇల్లు. గోడ మందం దాదాపు అర మీటరు ఉంటుంది. లోపల మట్టిపూత, బయట సున్నపు పూత. తలుపు పక్కన గోడలో అరచేయంత గాజు పలక ఒకటి బిగించి, దాని వెనక పూత వేయకుండా వదిలేశారు. అందులోంచి చూస్తే లోపలి గడ్డి పోచలు కట్టకట్టినట్టే కనిపిస్తాయి. గడ్డిమోపుల ఇళ్ళలో ఇలాంటి చిన్న కిటికీ వదలడం చాలాచోట్ల ఆనవాయితీ. గోడ లోపల నిజంగా ఏముందో చూసేవారికి తెలియాలన్నది దాని ఉద్దేశం. ఇలాంటి గోడకు అసలు శత్రువు తేమ. అందుకే పునాదిని నేల నుంచి బాగా ఎత్తు చేసి, చూరును గోడ దాటి చాలా ముందుకు లాగారు. జర్మనీలోని జీబెన్ లిండెన్‌లో ఈ పద్ధతిలో మూడంతస్తుల ఇల్లు కూడా కట్టారు కనుక ఇది గుడిసెలకే పరిమితమైన విద్య అనుకోనక్కరలేదు. గదిలో ఉష్ణోగ్రత రాత్రీ పగలూ పెద్దగా మారలేదు. బయటి చప్పుడు లోపలికి రాలేదు. ఒక ఇబ్బందిని మాత్రం చెప్పాలి. బస నుంచి స్నానాల గదికి వెళ్ళే దారి ఎగుడుదిగుడుగా ఉంటుంది, రాత్రిపూట దానిపై వెలుతురు ఉండదు. నాతో వచ్చిన అతిథులలో మోకాళ్ళ నొప్పులున్న ఒక పెద్దావిడ చీకటి పడ్డాక బయటకు రావడమే మానేశారు. రాత్రి ఆకాశాన్ని కాపాడాలన్న ఉద్దేశం మంచిదే, కానీ నేల మీదికి మాత్రమే పడే చిన్న దీపాలతో ఆ రెండు అవసరాలూ తీరుతాయి. వయసు మీరాక కూడా అక్కడే బతకాలనుకునే సమాజం ఈ దారిని తన కోసమైనా బాగు చేసుకోవాలి.

కంపోస్టు మరుగుదొడ్ల గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవారు లోలోపల భయపడేది వీటి గురించే. ఇక్కడ మూత్రం ముందు భాగంలోని గొట్టం ద్వారా వేరుగా వెళ్ళిపోతుంది; మలం కింది డబ్బాలో పడుతుంది. పక్కనే రంపపు పొట్టు నింపిన తొట్టి, అందులో ఒక డబ్బా ఉంటాయి. వాడిన ప్రతిసారీ డబ్బాడు పొట్టు వేసి మూత పెట్టాలి. మూత్రం కలవకపోవడం, పొట్టు తడిని పీల్చుకోవడం వల్ల వాసన దాదాపు ఉండదు. నేను ఉన్నన్నాళ్ళూ పొట్టు తొట్టి ఖాళీ అయిన ఒక ఉదయం మాత్రమే వాసన తగిలింది. నిండిన డబ్బాలను కుప్ప దగ్గరకు తీసుకువెళ్ళే పనిలో అతిథులు కూడా ఒక వంతు పంచుకోవాలి. కుప్పలో పొడవాటి థర్మామీటరు గుచ్చి ఉంచుతారు, పక్కన చెక్కకు వేలాడే నోటు పుస్తకంలో రోజూ ఉష్ణోగ్రత రాస్తారు. అది 55 డిగ్రీల సెల్సియస్ దాటి కొన్ని రోజుల పాటు నిలిస్తే రోగకారక క్రిములు చాలావరకు చస్తాయి. ఆ పైన కుప్పను ఏడాదికి పైగా కదపకుండా మాగనిచ్చి, వచ్చిన ఎరువును కూరగాయల మళ్ళకు కాకుండా చెట్ల పాదులకు మాత్రమే వేస్తారు. ఆ పుస్తకంలో నెలల తరబడి ఒక్క రోజు కూడా ఖాళీ లేకపోవడం చూశాక, ఈ మనుషులు ఇష్టం లేని పనిని కూడా శ్రద్ధగా చేస్తారన్న నమ్మకం నాకు కలిగింది. కార్యక్రమం మొత్తంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ నోటు పుస్తకమే.

అతిథులు రోజులో సగం పూట పని చేయాలి. వంటగది గోడ మీద వంతుల పట్టిక ఉంటుంది. సాయంత్రానికల్లా మరుసటి రోజుకు మన పేరు ఎక్కడో ఒకచోట రాసుకోవాలి. నేర్పే తీరు ఓపికగా ఉంటుంది. పెద్ద వంటపాత్రను ఎలా వంచాలో, కొడవలిని ఎలా సాన పెట్టాలో చేయి పట్టుకుని చూపించారు, తొందరపెట్టిన వారు ఒక్కరూ లేరు. అయితే అతిథులకు దొరికేవి వంట, తోట, శుభ్రత అనే మూడు రకాల పనులే. సమాజాన్ని నడిపే పనిలో సగానికి పైగా వేరే ఉంటుంది: పన్నులు, భీమా, అనుమతుల కాగితాలు, బ్యాటరీల నిర్వహణ, పిల్లల సంరక్షణ, ఇద్దరి మధ్య మాటలు ఆగిపోతే కూర్చోబెట్టి మాట్లాడించడం. ట్విన్ ఓక్స్ పద్ధతిలో నాకు ఎప్పుడూ నచ్చేది ఇదే: అక్కడ ప్రతి సభ్యుడూ వారానికి సుమారు 40 గంటల పని చూపించాలి, టోఫు తయారు చేసినా, వంట చేసినా, పిల్లలను చూసుకున్నా, లెక్కలు రాసినా గంటకు గంటే విలువ. ఏ పనులు లెక్కలోకి వస్తాయో చూస్తే ఒక సమాజం దేన్ని శ్రమగా గుర్తిస్తుందో అర్థమవుతుంది. నేను సందర్శించిన చోట అలాంటి లెక్క లేదు, అంతా ఇష్టపూర్వకంగా సాగుతుందని చెప్పారు. కానీ వంతుల పట్టికలో ఆ కొద్దిపాటి పేర్లే మళ్ళీ మళ్ళీ కనిపించాయి. అలసట గురించి అడిగితే ఒక సభ్యురాలు సూటిగానే ఒప్పుకున్నారు: ఎక్కువ చేసేవారు అడగరు, తక్కువ చేసేవారికి తెలియదు. ఇంత ముఖ్యమైన మాట పాత్రలు తోముతున్నప్పుడు యాదృచ్ఛికంగా వినబడిందే గానీ కార్యక్రమంలో దానికి చోటు లేకపోవడం నాకు బాధ కలిగించింది.

పర్యావరణపరంగా ఇక్కడి జీవనం నిజంగా తేలికైనదా అన్న సందేహం ఎవరికైనా వస్తుంది. సౌర పలకలను చూపించినంత ఉత్సాహంగా వారు ఉమ్మడి వాడకాన్ని చూపించలేదు గానీ, పొదుపు ఎక్కువగా వచ్చేది అక్కడి నుంచే. ఇన్ని కుటుంబాలకు కలిపి కొద్ది బట్టలు ఉతికే యంత్రాలు, ఒకే పనిముట్ల గది, వంతుల మీద తీసుకునే కొన్ని వాహనాలు, ఒకే పొయ్యి మీద అందరికీ వంట ఉంటాయి. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఉన్న డాన్సింగ్ రాబిట్‌లో సొంత వాహనాలు ఉంచుకోకూడదన్నది సభ్యత్వ నియమాలలోనే ఉంది; కావలసినవారు ఉమ్మడి వాహనాలను వాడుకుంటారు. ఫిండ్‌హార్న్ పర్యావరణ పాదముద్రను, అంటే అక్కడివారి వాడకం ప్రకృతి మీద మోపే భారాన్ని, 2006లో లెక్కగట్టినప్పుడు అది బ్రిటన్ సగటులో దాదాపు సగం అని తేలింది. నేను చూసిన సమాజం అలాంటి కొలత ఎన్నడూ చేయించుకోలేదు. కరెంటు, నీరు, ఇంధనం వాడకాల నెలవారీ లెక్కలు మాత్రం ఉన్నాయి, అడిగితే చూపించారు. వాటిని అతిథులందరికీ మొదటి రోజే చూపిస్తే సందేహాలకు చోటుండదు.

కార్యక్రమంలో అన్నిటికంటే విలువైన పూట సభ్యుల సమావేశానిది. మబ్బు పట్టిన రోజుల్లో బ్యాటరీలు ఎంతవరకు ఖాళీ అయితే బట్టల యంత్రాలను ఆపాలన్నది ఆ రోజు చర్చ. సగానికి దిగగానే ఆపాలని కరెంటు చూసుకునే బృందం ప్రతిపాదించింది. పసిబిడ్డ ఉన్న ఒక తండ్రి, బిడ్డ గుడ్డలు మబ్బు విడిచేదాకా ఆగవని అభ్యంతరం చెప్పారు. ఎవరూ గొంతు పెంచలేదు, కానీ గదిలో బిగువు తెలుస్తూనే ఉంది. సమావేశం నడిపే వ్యక్తి ప్రతి ఒక్కరినీ వరుసగా అడిగారు, ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అడ్డు రాలేదు. చివరకు పసిబిడ్డలున్న ఇళ్ళకు పగటిపూట ఒక యంత్రాన్ని మినహాయించి, మిగతా వాటికి ప్రతిపాదనను నెల రోజులు అమలు చేసి చూడాలని, ఆ తరువాత ఏ తేదీన మళ్ళీ చర్చించాలో కూడా అప్పుడే రాసుకోవాలని తేల్చారు. ఇది నెదర్లాండ్స్‌లో గెరార్డ్ ఎండెన్‌బర్గ్ తన ఎలక్ట్రికల్ కంపెనీలో రూపొందించిన సోషియోక్రసీ పద్ధతికి దగ్గరగా ఉంది. అందరూ మనస్ఫూర్తిగా ఇష్టపడే దాకా ఆగడం దాని ఉద్దేశం కాదు. బలమైన, కారణం చూపిన అభ్యంతరం మిగలకపోతే ముందుకు వెళ్ళి, గడువు పెట్టుకుని సరిచూసుకుంటారు. సంపూర్ణ ఏకాభిప్రాయం కోసం పట్టుబట్టిన సమాజాలలో ఒక్కరి అడ్డు ఏళ్ళ తరబడి పనిని ఆపేయగలదు కనుక, ఈ పద్ధతి వైపు మొగ్గిన సమాజాలు ఈ మధ్య పెరిగాయి.

ఆ తరువాతి అంశం వచ్చేసరికి అతిథులను బయటకు వెళ్ళమన్నారు. ఒక సభ్యుడి ఇంటి విస్తరణపై వివాదం ఉందని మాకు తరువాత చెప్పారు. వ్యక్తిగత విషయాలను బయటివారి ముందు మాట్లాడకపోవడం న్యాయమే, దానిని తప్పు పట్టను. కానీ ముగిసిపోయిన పాత వివాదం ఒకదాన్ని, పేర్లు తీసేసి, ఎలా మొదలై ఎలా తేలిందో లేదా ఎందుకు తేలలేదో అతిథులకు వివరించే గంట ఒకటి ఉండాలి. చేరదలచిన వ్యక్తి తెలుసుకోవలసింది ఇక్కడ గొడవలు వస్తాయా అని కాదు, వస్తే ఎవరి దగ్గరకు వెళ్ళాలి, ఎంతకాలం పడుతుంది, చివరి మాట ఎవరిది అని.

ఇక డబ్బు సంగతి. ఉమ్మడి జీవన సమాజాలన్నీ ఒకే ఆర్థిక పద్ధతిలో నడవవు. ట్విన్ ఓక్స్‌లో, 1978లో మొదలైన డెన్మార్క్‌లోని స్వాన్‌హోల్మ్‌లో సభ్యుల ఆదాయం ఉమ్మడి ఖాతాలోకి వెళుతుంది. అదే డెన్మార్క్‌లో 1972 నాటి సెట్టెడామెన్‌తో మొదలైన కో-హౌసింగ్ పద్ధతిలో ఎవరి ఇల్లు, ఎవరి సంపాదన వారివే. భోజనశాల, తోట వంటివి మాత్రం ఉమ్మడి. 1910లో డెగానియాతో మొదలైన కిబ్బుట్జ్‌లలో (ఇప్పటి ఇజ్రాయెల్‌లోని ఉమ్మడి వ్యవసాయ సమాజాలలో) ఎక్కువభాగం 1980ల అప్పుల సంక్షోభం తరువాత సమాన పంపకాన్ని వదిలి, పనిని బట్టి వేర్వేరు వేతనాలకు మారాయి. అంటే పద్ధతి ఒకసారి రాసుకుంటే శాశ్వతంగా ఉండేది కాదు. చేరే వ్యక్తి ప్రస్తుత నియమంతో పాటు దాన్ని మార్చే నియమాన్ని కూడా చదవాలి. నేను వెళ్ళిన చోట భూమి ఒక ట్రస్టు పేరు మీద ఉంది, ఇంటి మీద సభ్యులకు దీర్ఘకాలిక లీజు మాత్రమే ఉంటుంది. చేరేటప్పుడు కొంత మొత్తం కట్టాలి, ఆపైన నెలనెలా చందా ఉంటుంది. వదిలి వెళ్ళే వారికి కట్టిన మొత్తం తిరిగి వస్తుంది గానీ, వారి స్థానంలో కొత్త సభ్యులు వచ్చి డబ్బు కట్టిన తరువాతే వస్తుంది. దీని అర్థం ఏమిటో గమనించండి: ఎవరూ రాకపోతే వెళ్ళాలనుకున్న మనిషి చేతిలో డబ్బు లేకుండానే వెళ్ళాలి, లేదా ఉండిపోవాలి. ఇంత కీలకమైన నిబంధన నాకు చివరి రోజు సాయంత్రం, సామాన్లు సర్దుకునే వేళ, గంటలోపు ముగిసిన ఒక చర్చలో తెలిసింది. నియమావళి ప్రతిని అడిగినవారికే ఇచ్చారు.

న్యాయంగా చెప్పాలంటే దాచాలన్న ఉద్దేశం ఎవరిలోనూ నాకు కనబడలేదు. అడగగానే కోశాధికారి జమాఖర్చుల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, పైకప్పుల మరమ్మతుకూ బ్యాటరీల మార్పిడికీ ఏటా ఎంత పక్కన పెడుతున్నారో, ఆ నిధి ఎక్కడ తక్కువ పడుతోందో వరుసవారీగా చూపించారు. అంత నిర్మొహమాటంగా లెక్క చెప్పగల సమాజం దానిని ఆఖరి గంటకు వాయిదా వేయడం ఎందుకో అర్థం కాదు.

నా ఊహ ఏమిటంటే, ఒకే కార్యక్రమంతో రెండు పనులు చేయాలని చూడడమే దీనికి మూలం. వచ్చిన అతిథులలో కొందరు విశ్రాంతి కోసం, కొత్త అనుభవం కోసం వచ్చారు. కొందరు చేరే ఆలోచనతో వచ్చారు. మొదటివారి ఫీజు సమాజానికి ఆదాయం, రెండోవారు రేపటి పొరుగువారు. మొదటివారి ముందు లీజు నిబంధనలు చదివితే విసుగు. రెండోవారికి అవి చెప్పకపోతే నష్టం. అతిథుల ఆదాయం మీద ఎక్కువగా ఆధారపడడంలోని ప్రమాదాన్ని ఫిండ్‌హార్న్ అనుభవం చూపిస్తుంది. కోవిడ్ కాలంలో కార్యక్రమాలు ఆగిపోవడం, 2021లో అగ్నిప్రమాదంలో ఉమ్మడి భవనాలు కాలిపోవడం, ఖర్చులు పెరగడం అన్నీ కలిసి, అక్కడి ఫౌండేషన్ 2023లో తన విద్యా కార్యక్రమాలను నిలిపివేసింది. చుట్టూ పెరిగిన నివాస సమాజం మాత్రం కొనసాగుతోంది. కాబట్టి ఎక్కడికి వెళ్ళినా, సమాజం ఆదాయంలో అతిథుల ఫీజు వాటా ఎంత అని అడగాలి. ఇక్కడ నాలుగో వంతు కంటే తక్కువని చెప్పారు. నాకది ధైర్యం కలిగించింది.

పిల్లల గురించి ఎక్కువ చెప్పే అర్హత నాకు లేదు, నేను ఒంటరిగా వెళ్ళాను. అక్కడి పిల్లలు పెద్దలందరితో చనువుగా, భయం లేకుండా మాట్లాడతారని మాత్రం చూశాను. ఏకాంతం కోరేవారికి ఒక మాట: భోజనశాలలో ఒంటరిగా కూర్చోవాలనిపిస్తే నీలి గుడ్డ పరచిన బల్ల దగ్గర కూర్చోవచ్చు, అక్కడ ఎవరూ పలకరించరు. చిన్న ఏర్పాటే అయినా ఎంతో ఊరటనిచ్చింది.

1991లో డెన్మార్క్‌కు చెందిన గైయా ట్రస్టు అనే సంస్థ కోసం రాబర్ట్, డయాన్ గిల్మన్ రాసిన నివేదికలో ఎకోవిలేజ్ అంటే మనుషులు ఒకరినొకరు ఎరిగి ఉండగలిగేంత పరిమాణంలో, నివాసం, జీవనోపాధి, సామాజిక జీవితం అన్నీ ఒకేచోట అమరిన ఊరు అన్న వివరణ ఉంది. ఆ కొలతతో చూస్తే ఈ సమాజంలో నివాసం, సామాజిక జీవితం బలంగా ఉన్నాయి; జీవనోపాధి ఇంకా బలహీనం. పనిచేసే వయసువారిలో చాలామంది సంపాదన కోసం బయటికి వెళతారు లేదా కంప్యూటర్ మీద బయటి సంస్థలకు పనిచేస్తారు. చేరదలచిన వారు తమ సంపాదన మార్గాన్ని తామే వెంట తెచ్చుకోవాలి. ఇది కూడా ప్రకటనలో లేదు, ఉండాలి.

చేతులతో పని నేర్చుకోవాలనుకునే వారికి, గడ్డిమోపుల ఇంట్లో ఉండి చూడాలనుకునే వారికి, సమావేశాలు నడిపే పద్ధతిని దగ్గరగా చూడాలనుకునే వారికి ఈ కార్యక్రమాన్ని నిస్సందేహంగా సిఫార్సు చేస్తాను. పూర్తి విశ్రాంతి కోరేవారికి ఇది తగదు. సగం పూట పని నిజంగానే సగం పూట పని. నడవడంలో ఇబ్బంది ఉన్నవారు స్నానాల గదికి దగ్గరలో ఉన్న గదిని ముందే అడగాలి, అలాంటివి ఉన్నవే తక్కువ. చేరే ఆలోచన ఉన్నవారు అంగీకార లేఖ అందగానే నియమావళి, లీజు నమూనా, గత సంవత్సరం జమాఖర్చులు పంపమని రాయండి. అడిగితే ఇస్తారు, అవి చదివి వెళితే ఆ చివరి గంట మొదటి గంటగా మారుతుంది. పరిచయ కార్యక్రమం తరువాత కొన్ని నెలల పాటు ఉండే రెండో దశ బస కూడా ఉంది. దానికి దరఖాస్తు చేసేటప్పుడు ఎండలు బాగా కాసే కాలాన్ని కాకుండా బ్యాటరీలు తరచూ ఖాళీ అయ్యే మబ్బుల కాలాన్ని ఎంచుకోమని స్వయంగా అక్కడి సభ్యులే నాకు చెప్పారు.